ఏడో గేమ్, ఏడో ఇన్నింగ్స్: మారినర్స్ ఎత్తుపల్లాల లెక్క ఎలా చూడాలి?

కడలిగాలి
చేతికొచ్చిన ముద్ద నోటిదాకా రాలేదు. 2025 అక్టోబర్ 20, టొరంటో, బేస్‌బాల్ అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో గేమ్. 3–1తో మనమే, అంటే సియాటిల్ మారినర్స్, ముందున్నాం. ఇంకో ఎనిమిది ఔట్లు తీసుంటే వరల్డ్ సిరీస్, అంటే టైటిల్ పోరు. 1977లో పుట్టిన జట్టు, 30 జట్లలో ఇప్పటిదాకా వరల్డ్ సిరీస్ మొహం చూడనిది మనదొక్కటే. మూడో ఇన్నింగ్స్‌లో హూలియో రోడ్రిగెజ్, ఐదో ఇన్నింగ్స్‌లో కాల్ రాలీ హోమ్ రన్‌లు (బంతిని గోడ దాటించే దెబ్బలు) కొట్టారు. ఏడో ఇన్నింగ్స్ కింది భాగంలో (టొరంటో బ్యాటింగ్) జార్జ్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. 4–3. అంతే.

అదే జట్టు సెప్టెంబర్‌లో 18 గేమ్‌లలో 17 గెలిచింది. అదే జట్టు 15 ఇన్నింగ్స్ ఆడి డెట్రాయిట్‌ని ఇంటికి పంపింది. క్యాచర్ రాలీ 60 హోమ్ రన్‌లు కొట్టాడు. మనసుకి ఇదంతా ఒకేసారి పట్టడం లేదు. రెండు సంగతులు అడగాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఒకటి, ఆ ఏడో ఇన్నింగ్స్‌లో నిజంగా తప్పు జరిగిందా? జరిగితే ఎక్కడ? రెండు, ఈ జట్టు ఒక ఏడాది లేస్తుంది, ఒక ఏడాది పడుతుంది. ఇందులో జట్టు బలం ఎంత, గాలివాటం ఎంత? "మన ఖర్మ" అని వదిలేయొద్దు, లెక్కతో చెప్పండి. వచ్చే ఏప్రిల్‌లో కళ్ళు తెరుచుకుని చూడాలి.

బుల్‌పెన్‌బాబాయ్
మొదటి ప్రశ్నకి నేను చెప్తాను అమ్మా.

ముందు ఆ ఇన్నింగ్స్‌ని వరసగా పెట్టుకుందాం. మన పిచ్చర్ కర్బీ నాలుగు ఇన్నింగ్స్ వేశాడు. ఐదు, ఆరు బ్రయాన్ వూ వేశాడు. ఏడుకీ అతన్నే పంపారు. ఆర్డర్‌లో ఏడో బ్యాటర్ బార్జర్‌కి వాక్ (నాలుగు తప్పు బంతులకి ఉచితంగా మొదటి బేస్). ఎనిమిదో బ్యాటర్ కైనర్‌ఫలేఫా సింగిల్. తొమ్మిదో బ్యాటర్ హిమేనెజ్ బంట్ చేసి (బ్యాట్ అడ్డంపెట్టి బంతిని మెల్లగా నెట్టి) ఔటై ఇద్దరినీ రెండు, మూడు బేస్‌లకి జరిపాడు. అప్పుడు వూని తీసి ఎడ్వర్డ్ బజార్డోని తెచ్చారు. రెండో బంతి సింకర్, స్ప్రింగర్ ఎడమ వైపు స్టాండ్స్‌లోకి పంపాడు.

బంట్ తర్వాత పరిస్థితి మారిపోయిందని చాలామంది గమనించలేదు. మొదటి బేస్ మీద మనిషి ఉన్నంతసేపూ నేలబారు బంతి మనకి వరం, ఒక్క బంతికి రెండు ఔట్లు (డబుల్ ప్లే) రావచ్చు. బంట్ తర్వాత మొదటి బేస్ ఖాళీ. ఇక నేలబారు బంతికి ఒక్క ఔటే, అదీ ఒక పరుగు ఇచ్చుకునే రావచ్చు. సింకర్ పని బ్యాటర్ చేత నేలబారుగా కొట్టించడం. అది బంట్‌కి ముందు, బార్జర్, కైనర్‌ఫలేఫా ఒకటి, రెండు బేస్‌ల మీద ఉన్నప్పుడు కావలసిన బంతి. రెండు, మూడు మీద మనుషులుండి ఒక ఔట్ ఉంటే కావలసింది స్ట్రైకౌట్, అంటే బంతి ఆటలోకి రాకుండానే ఔట్. దానికి జట్టులో అందరికంటే మెరుగైనవాడు ఆండ్రెస్ మున్యోజ్. అతన్ని ఎనిమిదికి దాచారు. నా దృష్టిలో తప్పు అక్కడే ఉంది. బజార్డో చెడ్డ పిచ్చర్ కాదు, ఏడాదంతా భుజం మీద మోసినవాడు. పని ఒకటి, పనిముట్టు ఇంకొకటి అయింది.

స్ప్రింగర్‌ని కావాలని వాక్ చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు. బేస్‌లు నిండుతాయి, డబుల్ ప్లే మళ్ళీ చేతికొస్తుంది. కానీ గెలుపు పరుగు బేస్ మీదికెక్కుతుంది, ఒక బ్యాటర్ అవతల గెర్రెరో కాచుకుని ఉన్నాడు. ఆ సిరీస్ ఎంవీపీ (మేటి ఆటగాడు) అతనే. ఆ పని చేయనందుకు మాత్రం మేనేజర్‌ని తప్పుపట్టను.

డల్లాస్‌రేంజర్
బాబాయ్ గారూ, మున్యోజ్‌ని ఏడులోనే వాడేస్తే ఎనిమిది, తొమ్మిది ఎవరు వేస్తారు? మీ మేనేజర్ డాన్ విల్సన్ అదే ఆలోచించి ఉంటాడు.

బుల్‌పెన్‌బాబాయ్
ఎవరైనా వేస్తారు. తొమ్మిదో ఇన్నింగ్స్ అన్న పేరుకి విడిగా విలువ లేదు. రెండు, మూడు మీద మనుషులు, ఒక ఔట్: లీగ్ సగటున ఆ స్థితి నుంచి ఇన్నింగ్స్ ముగిసేలోపు 1.3 పైచిలుకు పరుగులొస్తాయి. ఖాళీ బేస్‌లతో మొదలయ్యే ఇన్నింగ్స్‌లో అర పరుగు వస్తుంది. ఇల్లు ఇప్పుడు కాలుతుంటే నీళ్ళు రేపటికి దాచుకోం. ఏడో గేమ్ తర్వాత ఇంకో రోజు లేదు. అయినా డల్లాస్ గారి మాటలో ఒక నిజం ఉంది. రిలీవర్‌ని (గేమ్ మధ్యలో దిగే పిచ్చర్‌ని) లేపి వేడెక్కించడానికి సమయం కావాలి. వాక్ ఇచ్చిన క్షణానే మున్యోజ్ లేచి ఉండాలి. బంట్ పడ్డాక ఆలోచిస్తే ఆలస్యమైపోతుంది.

పెన్సిలూరబ్బరూ
ఆ ఒక్క బంతి మీద సిరీస్ అంతా మోపకండి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టవుతుంది. ఆరో గేమ్ స్కోర్‌కార్డు తీసి చూడండి. మూడు, నాలుగు, ఐదు ఇన్నింగ్స్‌లలో వరసగా మూడు డబుల్ ప్లేలు, అందులో రెండు బేస్‌లు నిండి ఉన్నప్పుడు. 6–2తో ఓడాం. టొరంటోలో మొదటి రెండు గేమ్‌లు 3–1, 10–3తో గెలిచి ఇంటికొచ్చి 13–4, 8–2తో పోగొట్టుకున్నాం. ఐదో గేమ్‌లో రాలీ స్కోరు సమం చేయడం, సువారెస్ గ్రాండ్ స్లామ్ (బేస్‌లు నిండి ఉండగా హోమ్ రన్) కొట్టడం గుర్తుండిపోయాయి కాబట్టి మూడు, నాలుగు మరుగునపడ్డాయి.

బుల్‌పెన్‌బాబాయ్
ఆ మూడు, నాలుగు గేమ్‌ల వేరు అక్టోబర్ 10న ఉంది. డెట్రాయిట్‌తో ఐదో గేమ్ 15 ఇన్నింగ్స్. సీజన్‌లో అయితే పదో ఇన్నింగ్స్ నుంచి రెండో బేస్ మీద ఊరికే ఒక మనిషిని నిలబెడతారు కాబట్టి త్వరగా తేలిపోతుంది. ప్లేఆఫ్‌లలో ఆ నియమం లేదు. అందుకే 15, 18 ఇన్నింగ్స్ వస్తాయి. ఆ రాత్రి కర్బీ మొదలుపెట్టాడు. తర్వాత స్టార్టర్లైన (గేమ్ మొదలుపెట్టే పిచ్చర్లైన) గిల్బర్ట్, కాస్టియోలని కూడా రిలీఫ్‌కి దించారు. పోలాంకో సింగిల్‌తో 3–2 గెలిచాం. ఆ గెలుపు ఖరీదు రెండు రోజులకే తెలిసింది. అక్టోబర్ 12న మొదటి గేమ్‌కి బ్రైస్ మిల్లర్‌ని మూడు రోజుల విశ్రాంతితోనే దించాల్సి వచ్చింది. మొదటి బంతికే స్ప్రింగర్ హోమ్ రన్ కొట్టినా, ఆరు ఇన్నింగ్స్ నిలబడి ఆ ఒక్క పరుగే ఇచ్చాడు. ఈ పోస్ట్‌సీజన్ మొత్తంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచిన పని అదే.

స్టార్టర్‌కి మామూలుగా నాలుగు, ఐదు రోజుల విశ్రాంతి ఉంటుంది. వూ ఛాతీ కండరం నొప్పితో సెప్టెంబర్ 19 తర్వాత నెల రోజులు లేడు. సీజన్‌లో మొదటి 25 స్టార్ట్‌లలోనూ ఆరేసి ఇన్నింగ్స్ తగ్గకుండా వేసినవాడు. అతను లేకపోతే ఆ ఇన్నింగ్స్ ఎవరో ఒకరి చేతి నుంచి రావాలి. ఏడో గేమ్‌లో బుల్‌పెన్ (రిలీవర్లు కాచుకునే చోటు) తలుపు తెరిచేసరికి ఎదురుగా ఉన్నది ఈ నెల రోజుల బాకీ.

లెక్కలమాస్టారు
రెండో ప్రశ్నకి వస్తాను. ఐదేళ్ళ గెలుపులు వరసగా రాయండి: 2021లో 90, 2022లో 90, 2023లో 88, 2024లో 85, 2025లో 90. ఇవి ఎత్తుపల్లాలా? ఇది చదునైన నేల. 162 గేమ్‌ల సీజన్‌లో, అచ్చం ఒకే బలం ఉన్న జట్టు కూడా కేవలం అదృష్టం వల్ల ఆరు గెలుపులు అటూ ఇటూ అవుతుంది. 162ని నాలుగుతో భాగించి వర్గమూలం తీయండి, 6.4 వస్తుంది. 85కీ 90కీ తేడా అందులోనే ఇమిడిపోతుంది.

మన గుండెల్లో ఎత్తుపల్లాలు ఎందుకొచ్చాయంటే, ఆ 85–90 మధ్యలోనే ప్లేఆఫ్ గడప ఉంది. 2021లో సీజన్ చివరి రోజున బయటపడ్డాం. 2022లో 21 ఏళ్ళ కరువు తీరింది, ఆ తర్వాత హ్యూస్టన్‌తో 18 ఇన్నింగ్స్ ఆడి 1–0తో ఓడాం. 2023లో ఒక్క గేమ్ తక్కువ. 2024లో ఒక్క గేమ్ తక్కువ. 2025లో ఎనిమిది ఔట్లు తక్కువ. గడప దగ్గర నిలబడ్డవాడికి అంగుళం కూడా ఆమడలా కనిపిస్తుంది.

జట్టు అసలు బలం చూడాలంటే గెలుపులు కాదు, పరుగులు చూడాలి. పద్ధతి చాలా తేలిక. చేసిన పరుగులని వర్గం చేయండి. ఇచ్చిన పరుగులని వర్గం చేయండి. మొదటిదాన్ని రెండిటి మొత్తంతో భాగించి 162తో గుణించండి. రావాల్సిన గెలుపులు అవే.

2021: చేసినవి 697, ఇచ్చినవి 748. రావాల్సినవి 75. వచ్చినవి 90!
2022: 690, 623. రావాల్సినవి 89, వచ్చినవి 90.
2023: 758, 659. రావాల్సినవి 92, వచ్చినవి 88.
2024: 676, 607. రావాల్సినవి 90, వచ్చినవి 85.
2025: 766, 694. రావాల్సినవి 89, వచ్చినవి 90.

చూశారా, ఈ ఐదేళ్ళలో అన్నిటికంటే మంచి జట్టు 2023ది. అది ఇంట్లో కూర్చుంది. అన్నిటికంటే బలహీనమైనది 2021ది. దానికి స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. 2021లో ఒక్క పరుగు తేడాతో తేలిన గేమ్‌లలో 33 గెలిచి 19 ఓడింది, గుట్టు అక్కడుంది. ఒక్క పరుగు గేమ్‌లు నాణెం ఎగరేసినట్టే. మంచి బుల్‌పెన్ కాస్త మొగ్గు తెస్తుంది కానీ ఏటా అంత రాదు. ఏప్రిల్, మే నెలల్లో జట్టు పట్టికలో పైన ఉన్నా పరుగుల తేడా సున్నా దగ్గరుంటే ఎగరకండి. కింద ఉన్నా పరుగుల తేడా +30 ఉంటే కుంగకండి.

2001 సంగతి కూడా అడుగుతారని తెలుసు. 116 గెలుపులు, 1906 నాటి చికాగో కబ్స్ రికార్డుతో సమం. 927 చేసి 627 ఇచ్చారు, +300. రావాల్సినవి 111. అది గాలివాటం కాదు, నికార్సైన జట్టు. అయినా యాంకీస్ చేతిలో ఐదు గేమ్‌లలోనే ఓడింది. ఏడు గేమ్‌ల సిరీస్ చిన్న నమూనా, ఎంత మంచి జట్టునైనా మింగుతుంది.

కడలిగాలి
మాస్టారూ, 2023 లెక్క చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. మరి ఈ సెప్టెంబర్ 17–1 సంగతి? సెప్టెంబర్ 5 నాటికి 73–68తో ఈడుస్తున్న జట్టు అది.

లెక్కలమాస్టారు
55 శాతం గెలిచే జట్టుకి 18 గేమ్‌లలో సగటున పది గెలుపులు. అదృష్టం వల్ల రెండు అటూ ఇటూ. పన్నెండు వస్తే బాగుందనుకోవాలి, పధ్నాలుగు వస్తే చాలా అరుదు. పదిహేడు పూర్తిగా అదృష్టం ఖాతాలోకి పోదు. జూలై చివర్లో వచ్చిన నేలర్, సువారెస్‌లతో బ్యాటింగ్ ఆర్డర్‌కి పొడవొచ్చింది. రాలీని వాక్ చేసి తప్పించుకుందామంటే వెనక మనిషి ఉన్నాడు. ప్రత్యర్థుల్లో ఏంజెల్స్, రాకీస్ లాంటి బలహీన జట్లు కూడా పడ్డాయి, అదీ చెప్పుకోవాలి.

పెన్సిలూరబ్బరూ
నేలర్ గురించి ఒక ముక్క. పరుగులో లీగ్‌లోనే అడుగు వరసవాడు. అయినా మన జట్టుకొచ్చాక 19 బేస్‌లు దొంగిలించాడు, ఒక్కసారీ దొరకలేదు. అది కాళ్ళతో చేసిన పని కాదు, కళ్ళతో చేసింది. పిచ్చర్ మెడ తిప్పే వరస, కాలెత్తే సమయం, పిచ్ క్లాక్‌లో (బంతి వేయడానికి ఇచ్చే గడువులో) మిగిలిన సెకన్లు చూసుకుని కదులుతాడు. బేస్‌ల మీద మనిషి ఉన్నప్పుడు పిచ్చర్‌కి 18 సెకన్లే. బేస్‌కి రెండుసార్లు విసిరాడంటే మూడోసారి ఔట్ చేయకపోతే ఉచితంగా బేస్ ఇచ్చేయాలి. రెండోసారి విసిరాక నేలర్ అడుగు ఎంత ముందుకెళ్తుందో రీప్లేలో చూడండి.

కొత్తగాచూస్తున్నా
హైదరాబాద్ నుంచి. క్రికెట్ బాగా తెలుసు, ఇది ఈ ఏడాదే పట్టుబడింది. సెప్టెంబర్‌లో అందరూ "మ్యాజిక్ నంబర్" అన్నారు. దాన్ని ఎలా తీస్తారు? "రెండు గేమ్‌లు వెనక" అంటే ఏమిటి?

లెక్కలమాస్టారు
గేమ్‌లు వెనక: రెండు జట్ల గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి సగం చేయండి. మ్యాజిక్ నంబర్: 163లోంచి ముందున్న జట్టు గెలుపులు తీసేయండి, వెనకున్న జట్టు ఓటములు తీసేయండి. ముందున్నవాళ్ళు గెలిచినా, వెనకున్నవాళ్ళు ఓడినా ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే ముందున్న జట్టుకి మొదటి స్థానం ఖాయమైపోయినట్టే.

ఈ ఏడాదిదే చూడండి. సెప్టెంబర్ 19–21 మధ్య హ్యూస్టన్‌లో మనవాళ్ళు మూడూ ఊడ్చేశారు. ఆ రాత్రికి మనం 87–69, హ్యూస్టన్ 84–72. 163లో 87, 72 పోతే 4. పైగా ఇద్దరి మధ్య సీజన్‌లో ఆడిన 13 గేమ్‌లలో మనవే ఎక్కువ. 2022 నుంచి సమానమైతే అదనపు గేమ్ ఆడించడం మానేశారు, ముఖాముఖి లెక్కే చూస్తారు. కాబట్టి 163 బదులు 162, అంటే 3. మూడు రోజుల తర్వాత, 24న డివిజన్ (లీగ్‌లో మన గుంపు) మనదైంది. 2001 తర్వాత మొదటిసారి. రాలీ 59, 60 హోమ్ రన్‌లు కొట్టింది ఆ రాత్రే.

ముఖాముఖి లెక్కని తేలిగ్గా తీసుకోకండి. హ్యూస్టన్, డెట్రాయిట్ ఇద్దరూ 87–75. ముఖాముఖిలో డెట్రాయిట్‌ది పైచేయి, కాబట్టి హ్యూస్టన్ ఇంటికి పోయింది. ఐపీఎల్‌లో నెట్ రన్ రేట్ చేసే పని ఇక్కడ అది చేస్తుంది. మేలో ఓడిన ఒక గేమ్ సెప్టెంబర్‌లో మెడకి చుట్టుకుంటుంది.

డల్లాస్‌రేంజర్
దానికి మా టెక్సస్ రేంజర్స్ జట్టే సాక్ష్యం. 2023లో చివరి రోజు, సియాటిల్‌లోనే, మీ చేతిలో 1–0తో ఓడాం. హ్యూస్టన్, టెక్సస్ ఇద్దరూ 90–72, ముఖాముఖిలో డివిజన్ హ్యూస్టన్‌కి పోయింది. మేం వైల్డ్ కార్డ్‌గా (డివిజన్ గెలవకుండానే దక్కే ప్లేఆఫ్ చోటుతో) వెళ్ళాం. ఆ పోస్ట్‌సీజన్‌లో బయటి ఊళ్ళలో ఆడిన 11 గేమ్‌లూ గెలిచి వరల్డ్ సిరీస్ తెచ్చుకున్నాం. అంతకు ముందు 2011లో ఆరో గేమ్‌లో రెండుసార్లు ఒక్క స్ట్రైక్ దూరం దాకా వచ్చి సెయింట్ లూయిస్‌కి పోగొట్టుకున్న జట్టు మాది. కడలిగాలి గారూ, ఓదార్పు కోసం అనడం లేదు. 2011 జట్టు 96 గెలిచింది, 2023 జట్టు 90 గెలిచింది. టైటిల్ ఉంగరం రెండోదానికి దక్కింది. ఏటా 88–90 దగ్గర ఉండగలిగితే తలుపు తట్టే అవకాశాలు వస్తూనే ఉంటాయి. యాజమాన్యాన్ని అడగాల్సింది అదే: ఆ మట్టం నిలబెడుతున్నారా, ఇంకో నాలుగు గెలుపులు కలిపే ఆటగాడిని తెస్తున్నారా?

కడలిగాలి
ఈ మాట నచ్చింది. 2024లో జూన్ 18న పది గేమ్‌లు ముందుండి, నెల తిరిగేసరికి ఆ ఆధిక్యమంతా కరిగిపోయింది. ఆగస్టు 22న మేనేజర్‌ని మార్చారు. అప్పుడు పిచ్చింగ్ లీగ్‌లోనే మేటి, బ్యాటింగ్ మాత్రం ఎండిపోయింది. "మన స్టేడియంలో బంతి ఎగరదు" అని సర్దిచెప్పుకున్నాం. ఇందులో ఎంత నిజం?

పెన్సిలూరబ్బరూ
చాలా నిజం, కానీ చెప్పే కారణం తరచూ తప్పు. "సముద్రం పక్కన కదా, తేమగాలి బరువుగా ఉంటుంది" అంటారు. తేమ వల్ల గాలి బరువెక్కదు. నీటి ఆవిరి పొడిగాలి కంటే తేలిక. బంతిని పట్టి ఆపేది చల్లదనం. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది. 400 అడుగులు పోవాల్సిన బంతికి ఉష్ణోగ్రత పది ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గితే సుమారు మూడు అడుగులు తెగిపోతుంది. ఏప్రిల్ రాత్రి 48 డిగ్రీలు, టెక్సస్‌లో బయట మధ్యాహ్నం 90 అనుకోండి, పన్నెండు పదమూడు అడుగుల తేడా. గోడ మీదినుంచి పోవాల్సింది గోడ ముందు గ్లవ్‌లో పడుతుంది.

పైకప్పు గురించి కూడా పొరబడతారు. అది మూడు ముక్కలుగా జరిగే గొడుగు. మూసినా పక్కలు తెరిచే ఉంటాయి, కాబట్టి వాన ఆపుతుంది గానీ వెచ్చదనం ఇవ్వదు. డెన్వర్‌లో ఐదువేల అడుగుల పైచిలుకు ఎత్తులో గాలి పలచన, మనది సముద్రమట్టం. ఎడమ మూల 331 అడుగులు, మధ్య 401, కుడి మూల 326. 2013లో గోడలు కొంత ముందుకి జరిపారు, అయినా పరుగులు తక్కువ వచ్చే మైదానాల్లో ఇది ముందే ఉంటుంది. స్ట్రైకౌట్లు కూడా ఇక్కడ ఎక్కువ. దానికి గాలి కారణం కాదు. పిచ్చర్ చేయి దాటి వచ్చే బంతి బ్యాటర్ కంటికి ఇక్కడ సరిగా ఆనదు అన్నది ఆటగాళ్ళు ఎన్నాళ్ళుగానో చెప్తున్న మాట.

ఈ మైదానంలో సగం గేమ్‌లు ఆడి, దానికి తోడు రోజూ మోకాళ్ళ మీద కూర్చునే క్యాచర్ 60 కొట్టాడంటే ఏమిటో ఇప్పుడు ఆలోచించండి. క్యాచర్ల పాత రికార్డు సాల్వడార్ పెరెజ్ 48. కుడి, ఎడమ రెండు వైపులా బ్యాటింగ్ చేసేవాళ్ళ రికార్డు మికీ మాంటిల్ 54, 1961 నుంచి ఉన్నది. మన జట్టు రికార్డు గ్రిఫీ 56. మూడూ ఒక్క ఏడాదిలో పోయాయి.

విశాఖఉదయం
ఇండియా నుంచి చూసేవాళ్ళకి సమయాల లెక్క, ఎవరైనా వెతుక్కుంటారని. సీజన్ మొత్తం పసిఫిక్ వేసవి సమయంలోనే జరుగుతుంది, కాబట్టి తేడా పన్నెండున్నర గంటలు. సియాటిల్‌లో సాయంత్రం 6:40 గేమ్ మనకి మర్నాడు ఉదయం 7:10. ఆదివారం మధ్యాహ్నం 1:10 గేమ్ సోమవారం తెల్లవారుజాము 1:40. తూర్పు తీరంలో రాత్రి 7:07కి మొదలైతే ఇక్కడ తెల్లవారి 4:37. పిచ్ క్లాక్ 2023లో వచ్చాక మామూలు గేమ్ రెండు గంటల నలభై నిమిషాల్లో అయిపోతోంది. ఉదయం ఏడుకి మొదలైనది పదికల్లా ముగుస్తుంది.

ఒక ప్రశ్న. ఏడో గేమ్ ఏడో ఇన్నింగ్స్‌ని స్కోర్‌కార్డులో ఎలా రాయాలి? మధ్యలో పిచ్చర్ మారాడు, ఆ మూడు పరుగులు ఎవరి ఖాతాలోకి పోతాయి?

పెన్సిలూరబ్బరూ
మంచి ప్రశ్న, ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

ముందు అంకెలు. పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడేవాడు) 6, లెఫ్ట్ ఫీల్డ్ 7, సెంటర్ 8, రైట్ 9. షార్ట్‌స్టాప్ 6 అన్నదే కొత్తవాళ్ళు మర్చిపోతారు, 5 అనుకుంటారు. షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్‌కి, అక్కణ్ణుంచి ఫస్ట్‌కి వెళ్ళిన డబుల్ ప్లే 6–4–3. స్ట్రైకౌట్‌కి కే అక్షరం, బ్యాట్ ఊపకుండా నిలబడి ఔటైతే అదే కే తిరగేసి. వాక్‌కి బీబీ. హెచ్‌బీ పెన్సిల్ వాడండి, పెన్ను వద్దు. ఎర్రర్ (ఫీల్డర్ తప్పు) అనుకున్నది హిట్ అని పది నిమిషాల తర్వాత కూడా స్కోరర్ మార్చేస్తాడు. ప్రతి బ్యాటర్ వరస కింద ఖాళీ గీతలు రెండైనా ఉంచండి, బదులు వచ్చినవాళ్ళకి. ఒకే ఇన్నింగ్స్‌లో తొమ్మిదిమందీ తిరిగొస్తే పక్క నిలువు వరసలోకి జరిగి పైన ఇన్నింగ్స్ అంకె దిద్దుకోవాలి.

ఇప్పుడు ఆ ఏడో నిలువు వరస. బార్జర్ గడిలో బీబీ, ఇంటి నుంచి మొదటి బేస్‌కి గీత. కైనర్‌ఫలేఫా గడిలో సింగిల్, గీత. అక్కడికి బార్జర్ గీత రెండో బేస్ దాకా పొడిగించి, ఆ మూలలో 8 అని చిన్నగా రాయండి, ఎనిమిదో బ్యాటర్ జరిపాడని గుర్తు. హిమేనెజ్ గడిలో త్యాగపు బంట్ గుర్తు, ఔట్ వలయంలో 1. బార్జర్ మూడుకి, కైనర్‌ఫలేఫా రెండుకి, ఇద్దరి మూలల్లోనూ 9. ఇక్కడ ఆగి, హిమేనెజ్ గడి కింద అడ్డంగా ఒక మందపాటి గీత గీయండి. ఆ గీత పిచ్చర్ మారిన గుర్తు. అది మర్చిపోతే లెక్కంతా తప్పుతుంది. తర్వాత స్ప్రింగర్ గడిలో హోమ్ రన్, గడిలోని వజ్రం (నాలుగు బేస్‌ల బొమ్మ) నిండా నల్లగా పూయండి. బార్జర్, కైనర్‌ఫలేఫా వజ్రాలు కూడా నింపండి, మూలల్లో 1.

ఖాతా ఇలా. బేస్ మీదికి ఎవరు పంపారో పరుగు వాళ్ళది. బార్జర్, కైనర్‌ఫలేఫా వూ పంపినవాళ్ళు, కాబట్టి ఆ రెండు పరుగులు వూవి. స్ప్రింగర్ పరుగు బజార్డోది. కానీ ఓటమి మాత్రం బజార్డోకి, ఎందుకంటే 3–3 అయ్యాక గెలుపు పరుగు స్ప్రింగర్‌దే. పేపర్లో చూస్తే వూకి రెండు, బజార్డోకి ఒకటి కనిపిస్తుంది. మందపాటి గీత ఉన్న కార్డులో అయితే, బజార్డో దిగేసరికి ఇద్దరు మనుషులు, ఒక ఔట్ అన్నది కళ్ళకి కడుతుంది.

బుల్‌పెన్‌బాబాయ్
దీనికి తోడు ఇంకో కాగితం పెట్టుకోండి. రిలీవర్ల పేర్లు అడ్డంగా, తేదీలు నిలువుగా, గడిలో వేసిన బంతుల సంఖ్య. ఒక రోజు 25–30 దాటితే మర్నాడు అతను దాదాపు రాడు. వరసగా రెండు రోజులు వేస్తే మూడో రోజు చాలా అరుదు. ఈ కాగితం చేతిలో ఉంటే ఏడో ఇన్నింగ్స్‌లో "వీణ్ణెందుకు తెచ్చాడు" అన్న కోపంలో సగం ముందే తీరుతుంది, నిన్న ఎవరు అలిసిపోయారో మీకు తెలుసు కాబట్టి. దించిన రిలీవర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకి వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగియాలి. 2020 నుంచి నియమం అది. కాబట్టి ఒక్క బ్యాటర్ కోసం ఒకణ్ణి దించడం ఇప్పుడు కుదరదు, అతని తర్వాతి ఇద్దరినీ కూడా చూసుకుని దించాలి.

కడలిగాలి
అందరికీ ధన్యవాదాలు. ఏడో గేమ్ కార్డులో ఆ మందపాటి గీత లేదు, ఇప్పుడు గీశాను. అక్కా, ఒక అనుమానం. ఆ బంట్‌తో వచ్చిన ఔట్ ఎవరి ఖాతాలో రాయాలి? వూదా, బజార్డోదా?

పెన్సిలూరబ్బరూ
వూదే. బంట్ పడినప్పుడు మట్టిదిబ్బ మీద ఉన్నది అతనే. అందుకే వూ ఇన్నింగ్స్ లెక్క 2.1 అవుతుంది. అంటే రెండు ఇన్నింగ్స్, ఒక ఔట్. చుక్క తర్వాతది దశాంశం కాదు, ఔట్ల సంఖ్య. 2.1కి 0.2 కలిపితే 2.3 రాయకూడదు, 3 రాయాలి.